మా మనవరాలు ఇంట్లో ఉండిపోయిన సంవత్సరం

పోయిన ఆదివారం గుడి కింది హాల్లో పులిహోర తింటుంటే, ఎరిగున్న కుర్రాడొకడు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. కుర్రాడంటే నలభై అయిదు దాటినవాడే. అతను ఈ ఊరొచ్చిన కొత్తలో మంచు మీద కారు ఎలా నడపాలో నేర్పింది నేను కాబట్టి, నాకింకా కుర్రాడే. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అంకుల్, మా పాప వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేస్తోంది. లాస్ట్ ఇయర్ రాలేదు. ఈసారి మీరో రికమెండేషన్ లెటర్ రాసిపెట్టాలి. ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నా."

"నేను మీ పాపకి పాఠం చెప్పలేదు కదయ్యా," అన్నాను.

"అదేంటంకుల్, చిన్నప్పుడు సండే క్లాస్‌లో శ్లోకాలు నేర్పింది మీరేగా!"

నేను రాయనన్నాను. కాలేజీలో ఇప్పుడు పాఠం చెబుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లమను, అదీ రేపే వెళ్లమను అన్నాను. కారణం చెబుదామని నోరు తెరిచేలోగా "సర్లెండి అంకుల్, ఇబ్బందైతే వదిలేయండి" అని ప్లేటు పట్టుకుని వెళ్లిపోయాడు. బాగా చిన్నబుచ్చుకున్నాడని నడకలోనే తెలిసింది. అతనికి చెప్పలేకపోయిన కారణం ఇక్కడ రాస్తున్నాను. ఇది మా మనవరాలి సంగతి. నా సంగతి కూడా.

నేను ఈ దేశం వచ్చాక, ట్రాయ్ అనే ఊళ్లో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ విభాగంలో, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. లైన్ మీంచి వచ్చిన ముక్కను కొలవడం, కొలత రాయడం, కింద సంతకం పెట్టడం నా పని. ఆ అలవాటు ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చిందో, ఇంటి నుంచి ఉద్యోగానికి వెళ్లిందో చెప్పలేను గానీ, హైస్కూల్లో మొదలుపెట్టిన డైరీ ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా ఆపలేదు. రోజుకొక పేజీ. ఎండో వానో మంచో ముందు రాస్తాను. తర్వాత వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు, తిన్నది, వేసుకున్న మందులు. అభిప్రాయాలు రాయను. మా ఆవిడ ఒకసారి నాలుగు పేజీలు తిరగేసి, "ఇది డైరీ కాదండీ, స్టోర్‌రూమ్ రిజిస్టరు" అంది. ఆమె మాటలు ఆరోజుల్లో అలా ఉండేవి, సూటిగా, ఆలస్యం లేకుండా.

ఆమె ఈ ఊరి లైబ్రరీలో ముందు కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు పనిచేసింది. ఇంగ్లీషు నాకన్నా చాలా బాగా మాట్లాడేది. ఫోన్ కంపెనీవాళ్లతోనో ఇన్సూరెన్స్‌వాళ్లతోనో పోట్లాడాల్సి వస్తే నేను ఫోను ఆమె చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్లి వినేవాణ్ని. అలాంటి మనిషి ఒక శీతాకాలం ఉదయం స్టవ్ ముందు నిలబడి ఉన్నదల్లా కూలబడింది. స్ట్రోక్ అన్నారు. ప్రాణం దక్కింది. కుడిచేయి కొంత స్వాధీనంలోకి వచ్చింది. మాట మాత్రం పోయింది. కొన్ని వారాల తర్వాత తెలుగు మాటలు ఒకటీ అరా, ముక్కలుగా రావడం మొదలైంది గానీ, ఇన్నేళ్లు అన్నం పెట్టిన ఇంగ్లీషు ఒక్క ముక్క తిరిగి రాలేదు. మంగళవారం మంగళవారం స్పీచ్ థెరపీకి తీసుకెళ్లేవాళ్లం. అక్కడ బొమ్మలున్న కార్డులు చూపించి పేరు చెప్పమంటారు. ఒకరోజు గుమ్మడికాయ బొమ్మ చూపిస్తే మా ఆవిడ పెదవులు కూడదీసుకుని, కళ్లు మూసుకుని, "గు... గుమ్మడి" అంది. థెరపిస్టు మంచి పిల్లే. ఆ మాట తెలియదు కనక కాగితం మీద తప్పు గుర్తు పెట్టింది. నేను ఊరుకున్నాను, పరీక్ష పెట్టేవాళ్లకు అడ్డం వెళ్లకూడదన్నది నా ఉద్యోగం నేర్పిన పాఠం. వెనక కుర్చీలో కూర్చున్న మా మనవరాలు లేచి నిలబడింది. "షీ సెడ్ ఇట్! దట్స్ రైట్! అమ్మమ్మ కరెక్ట్‌గా చెప్పింది!"

మా అమ్మాయి కూతురు అది. అమ్మాయీ అల్లుడూ, మేమిద్దరం, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. అప్పటికి అది హైస్కూల్ చివరి ఏడాదిలో ఉంది. ఆ వారమే మా వంటింట్లో ఉన్నవన్నీ ఫోటోలు తీసి సొంతంగా కార్డులు చేసింది. గరిటె, చేట, జాడీ, మజ్జిగ గ్లాసు, కొబ్బరి కోరు, పూజ గదిలో గంట. సాయంత్రం అయిదున్నరకు అమ్మమ్మ పక్కన కూర్చుని అరగంట ఆ కార్డులు చూపించడం దాని పనిగా పెట్టుకుంది. కొత్త మాట వచ్చిన రోజు నేను డైరీలో రాసేవాణ్ని. "ఇవాళ మజ్జిగ అన్నది. గరిటె రెండోసారి."

అమ్మమ్మ కోసమే అది దూరం కాలేజీలకు పెద్దగా ప్రయత్నించకుండా, కారులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న చిన్న యూనివర్సిటీలో చేరింది. ఏడాది తిరగకుండానే తనకేం కావాలో తెలుసుకుంది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు మాట పోతే దాన్ని ఎలా తిరిగి తేవాలన్నది చదవాలి. అది నేర్పే చదువు ఇక్కడ లేదు. గంటన్నర దూరంలో ఉన్న పెద్ద యూనివర్సిటీలో ఉంది. ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేస్తానంది.

మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. వీసా అయినా, ఉద్యోగమైనా, ఇల్లు కొనడమైనా, కడుపుతో ఉన్నా, ఫలితం చేతికొచ్చేదాకా బయట చెప్పరు. చెబితే దిష్టి తగులుతుందంటారు. నేను దిష్టిని నమ్మనని అంటూనే ఆ పద్ధతి పాటించే మనిషిని. అప్లికేషన్‌లో పాఠం చెప్పినవారి నుంచి ఉత్తరం కావాలని అడిగారు. "మా ప్రొఫెసర్‌ని అడగనా? ఆవిడకి నేను బాగా తెలుసు," అంది మా మనవరాలు. వాళ్లమ్మ ఏమీ అనకముందే నేను అడ్డుపడ్డాను. మీ కాలేజీ వదిలిపోతున్నాను, ఉత్తరమివ్వండి అని వాళ్లనే అడుగుతావా, ఆవిడ ఏమనుకుంటుంది, రేపు సీటు రాకపోతే మళ్లీ ఆ క్లాసులోనే కూర్చోవాలి కదా అన్నాను. మా కంపెనీలో వేరేచోట ఇంటర్వ్యూకి వెళ్లినవాడెవడూ మేనేజరుకు చెప్పి వెళ్లలేదు. మరి ఉత్తరం ఎవరిస్తారంటే దానికీ దారి నేనే చూపించాను. మా స్నేహితుడొకాయన, కార్ల పరిశోధనలో డాక్టరేటు ఉన్నవాడు, ఒకప్పుడు శనివారాలు వాళ్ల బేస్‌మెంట్‌లో మన పిల్లలందరికీ లెక్కలు చెప్పేవాడు. మా మనవరాలు ఆరో తరగతిలో భిన్నాలు ఆయన దగ్గరే నేర్చుకుంది. పాఠం చెప్పినట్టే కదా.

ఆయన రెండు పేజీలు రాశాడు. అందులో ఒక పేజీ నా గురించే ఉంది. నా క్రమశిక్షణ, సమయపాలన, మా కుటుంబం ఈ ఊళ్లో సంపాదించుకున్న మంచిపేరు, పండగలకు మా అమ్మాయి చేసే వంట. నేను రెండుసార్లు చదువుకుని సంతోషించాను. మా మనవరాలు చదివి, "తాతయ్యా, ఇది నా లెటరా, మీ లెటరా?" అంది. అందరం నవ్వాం. వ్యాసంలో అది అమ్మమ్మ గురించి ఒక పేరా రాసుకుంది. ఇంట్లో జబ్బుల సంగతి పరాయివాళ్లకెందుకని నేను ప్రింటు తీసిన కాగితం మీద పెన్సిలు గీత పెట్టాను. అది స్క్రీను మీద ఆ పేరా తీసేసింది.

జవాబు వచ్చింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. అది వంటింట్లో నిలబడి ఫోన్‌లో చూసింది. చూసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. "రాలేదు," అంది. వాళ్లమ్మ దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టి, కార్డుల డబ్బా తీసుకుని అమ్మమ్మ దగ్గర కూర్చుంది. అప్పటికి నాలుగైనా కాలేదు. "పద అమ్మమ్మా, టైమ్ అయింది," అంది.

ఎందుకు రాలేదో వాళ్లు చెప్పరు. కానీ అది వదలకుండా ఆ యూనివర్సిటీకి ఫోన్ చేసింది. అవతల ఒకావిడ, ఫలానా కారణమని చెప్పలేనంటూనే, ఉత్తరం ఇప్పుడు కాలేజీలో చదువు చెబుతున్నవాళ్ల నుంచి రావాలనీ, ఈ చదువే ఎందుకు కావాలో వ్యాసం చదివితే తెలియాలనీ, మళ్లీ ఏడాది అప్లై చేసుకోవచ్చనీ చెప్పింది. మా మనవరాలు ఆ మాటలు మాకు వాతావరణం చెప్పినట్టు చెప్పి మేడమీదికి వెళ్లిపోయింది. మా అమ్మాయి సోఫాలో బట్టలు మడతపెడుతోంది. తల ఎత్తకుండానే అంది:

"నాన్నా, నిజం చెప్పండి. అది వెళ్లడం మీకు ఇష్టం లేదు కదా?"

"ఏం మాటలే అవి?"

"అది వెళ్తే ఈవినింగ్స్ అమ్మ దగ్గర కూర్చోవాల్సింది మీరు. మీకా పేషెన్స్ లేదు. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"దాని మంచి కోసమే చెప్పాను."

"నేనూ అలాగే అనుకుని ఊరుకున్నా. అదే నా తప్పు," అని తువ్వాళ్లు ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

నాకు చాలా కోపం వచ్చింది. నా దగ్గర రుజువులున్నాయి కదా అనుకున్నాను. గదిలోకి వెళ్లి డైరీ తీశాను. ఆ శుక్రవారం పేజీలో నా దస్తూరీతో ఇలా ఉంది: "ఉదయం వాన, తర్వాత మబ్బు. యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది, సీటు రాలేదు. మనవరాలు ఇంకో ఏడాది ఇక్కడే ఉంటుంది. మనసు తేలికపడింది. రాత్రి పప్పుచారు రెండుసార్లు పోసుకున్నాను."

అన్నేళ్లలో నా డైరీలోకి ఒకే ఒక్క అభిప్రాయం చొరబడింది, అది ఇదే. నేను రాసినట్టే గుర్తు లేదు. ఆ ఉత్తరం సలహా నేను మంచి మనసుతో ఇచ్చానా, లేక వెళ్లకపోతే బాగుండునన్న కోరిక లోపల కూర్చుని నా చేత ఆ మాటలు చెప్పించిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పనిలో ఉండగా కొలత హద్దు దాటితే దాన్ని కొట్టేసే హక్కు మాకుండేది కాదు. దాటిందని రాసి, సంతకం పెట్టి, పై వాళ్లకు చూపించాలి. నేను డైరీ మూసి అలమరలో పెట్టాను. ఎవరికీ చూపించలేదు.

ఆకులు రాలే రోజులు వచ్చాక మా మనవరాలు భోజనాల బల్ల దగ్గర చెప్పింది. "నేను అగైన్ అప్లై చేస్తున్నా. బట్ ఈసారి అందరికీ చెప్తా." వాళ్లమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "అందరికీ ఎందుకే? దిష్టి..." "మమ్మీ, లాస్ట్ టైమ్ ఎవ్వరికీ చెప్పలేదు కదా. ఏమైంది?" అల్లుడు నవ్వాపుకోలేక మంచినీళ్లు తాగాడు. మర్నాడే అది ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి బూట్లు విప్పుకుంటూ, నావైపు చూడకుండా, "ఆవిడ ఏమందో తెలుసా తాతయ్యా? లాస్ట్ ఇయరే అడుగుతావనుకున్నా, వెయిట్ చేశా అంది," అని చెప్పింది. నేను పేపరు తిప్పాను. అంతకుముందు ఎంతోమంది మీద నాకు కోపాలు వచ్చాయి గానీ, ఒక మాటకు నా మీద నాకు అంత సిగ్గు వేసింది ఆరోజే.

జనవరిలో అది వ్యాసం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అమ్మమ్మ గురించే. ఏ మాట ఎప్పుడు తిరిగొచ్చిందో దానికి తేదీలతో సహా కావాలి. ఆ లెక్క ప్రపంచంలో నా డైరీల్లో తప్ప ఎక్కడా లేదు. దానికి తెలుగు చదవడం రాదు. "మీరు చదవండి, నేను టైప్ చేస్తా," అంది. అలా మధ్యాహ్నాలు బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. బయట మంచు, కిటికీ పక్క కుర్చీలో మా ఆవిడ. నేను "ఎండ. తలుపు అన్నది" అని చదివితే ఆమె ఒక్కోసారి "తలుపు" అని తనూ అనేది, పోయిన వస్తువు దొరికినట్టు. చదువుతూ చదువుతూ ఆ వారానికి వచ్చాను. గురువారం చదివాను. పేజీ తిప్పి శనివారం చదివాను.

"వెయిట్ తాతయ్యా, ఫ్రైడే మిస్ అయింది."

"ఆరోజు కొత్త మాటలేం లేవు," అన్నాను. అబద్ధం కాదు, లేవు. "ఓకే," అని అది టైప్ చేసుకుంటూ పోయింది.

మూడురోజులు గడిచాయి. వేరే నెలల్లోకి వెళ్లిపోయాం. నేను చదువుతున్నానే గానీ వేలు వెనక పేజీల దగ్గరే ఉండిపోయినట్టుంది. నాలుగోరోజు అది లాప్‌టాప్ తెరవగానే, "ఆ శుక్రవారం పేజీ చదువుతాను. ఇది టైప్ చెయ్యకు, ఊరికే విను," అన్నాను. చదివాను, వాన దగ్గర నుంచి పప్పుచారు దాకా, ఏదీ వదలకుండా.

"అగైన్ చదవండి," అంది. మళ్లీ చదివాను.

"తేలికపడింది అంటే?"

ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. రిలీఫ్‌గా అనిపించిందని చెప్పాను. తెలుగులో చదివినప్పటికన్నా అలా చెప్పినప్పుడు ఎక్కువ కష్టమైంది. అది కీబోర్డు మీద నుంచి వేళ్లు తీసి నావైపు చూసింది. దాని కళ్లు వాళ్ల అమ్మమ్మ కళ్లే. కోపం వస్తే నల్లగుడ్డు కదలదు.

"పప్పుచారు రెండుసార్లా?"

"రెండుసార్లు."

"ఆరోజు నేను తినలేదు తాతయ్యా."

నాకు ఆ సంగతి తెలియదు. ఎవరు ఏం తిన్నారో నేను రోజూ రాస్తాను. అది తినలేదని నా పేజీలో లేదు. నేను ఏదో అనబోయాను. తప్పయిందనే అనబోయి ఉంటాను. అది లాప్‌టాప్ కాస్త దగ్గరికి లాక్కుని, "నెక్స్ట్ పేజ్ చదవండి," అంది. చదివాను.

ఆ వారం చివర్లో కార్డుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "నేను వెళ్లినా, వెళ్లకపోయినా, ఇది మీరు నేర్చుకోవాలి," అంది. అడగడం కాదు, చెప్పడం. నేను చాలా చెడ్డ శిష్యుణ్ని. మా ఆవిడ మాట కోసం తడుముకుంటుంటే చూడలేక నేనే అందించేవాణ్ని. "తాతయ్యా, డోంట్ హెల్ప్! మనసులో పది లెక్కపెట్టండి." పది లెక్కపెట్టేవాణ్ని, త్వరత్వరగా. ఒక సాయంత్రం నేను జాడీ కార్డు చూపించి, ఆమె నోరు తెరిచేలోగా "జా..." అని అందుకున్నాను. మా ఆవిడ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. "ఉండు!" అంది. పెళ్లయిన నాటి నుంచి నన్ను మీరు అని తప్ప పిలవని మనిషి. మా మనవరాలు కుర్చీలో వెనక్కి పడి నవ్వింది. నేనూ నవ్వాను. కొత్త మాట కనక డైరీలో రాసుకున్నాను. తర్వాత నిజంగా ఆగడం నేర్చుకున్నాను. ఒక్కోసారి ముప్పై దాకా లెక్కపెట్టాక మాట వచ్చేది. ఒక్కోసారి వచ్చేది కాదు.

అందరికీ చెప్పి అప్లై చేయడమంటే ఎలా ఉంటుందో ఆ వసంతంలో తెలిసింది. ఇండియన్ స్టోర్‌లో బిల్లు వేసే అతను "రిజల్ట్ వచ్చిందా మేడమ్?" అనేవాడు. గుడిలో ఆంటీలు మా అమ్మాయిని చుట్టుముట్టేవారు. లెక్కలు చెప్పిన మా స్నేహితుడు ఫోన్ చేసి, ఈసారి ఉత్తరం అడగలేదేమని నిష్ఠూరమాడి, పెట్టేసే ముందు "నేను రాసింది సరిగ్గా లేదేమోనండీ, అప్పుడే అనిపించింది," అన్నాడు. లేదండీ, తప్పు నాది అని చెప్పాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు.

మే నెలలో ఒక సాయంత్రం గరాజ్ తలుపు తెరుచుకుంటూనే కేక వినిపించింది. సీటు వచ్చింది. మా అమ్మాయి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. మా మనవరాలు ముందు అమ్మమ్మ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చెప్పి, తర్వాత నా దగ్గరికి వచ్చింది. "రాసుకోండి తాతయ్యా," అంది. "ఏం రాయమంటావు?" అంటే, "మీకు ఏమనిపిస్తే అది," అంది. రాశాను. ఆనందమని రాశాను, భయమని కూడా రాశాను. రెండూ నిజమే కాబట్టి రెంటి కిందా సంతకం పెట్టాను. ఇంట్లో నా డైరీకి సంతకం పెట్టడం ఎప్పుడూ లేదు.

ఆగస్టులో దాన్ని దింపి వచ్చాం. ఇక్కడ చదివిన వాటిలో కొన్ని కోర్సులు అక్కడ లెక్కలోకి రాలేదు. దాని తోటివాళ్లకన్నా ఒక ఏడాది వెనకే ముగిస్తుంది. ఆ మాట అది ఎప్పుడూ నాతో అనలేదు. ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మ మాటల సంగతి అడుగుతుంది, క్లాసులో విన్న కొత్త పద్ధతులు చెబుతుంది, నేను తొందరపడుతున్నానా అని ఆరా తీస్తుంది.

ఆ సంవత్సరం డైరీ నేను అప్పుడప్పుడు తీసి చదువుతుంటాను. మా ఆవిడకు అన్నేసి మాటలు తిరిగొచ్చిన ఏడాది మరొకటి లేదు. సాయంత్రాలు ఇంట్లో నవ్వులున్నాయి. ఏ పేజీ తీసినా మంచి సంవత్సరంగానే కనబడుతుంది. నా బాధ కూడా అదే, ఎందుకంటే ఆ సంవత్సరం నాది కాదు, ఒక పంతొమ్మిదేళ్ల పిల్లది. ఒకరి కాలం తీసుకున్నాక తిరిగి ఇవ్వడానికి దారి లేదు. తీసుకున్నామని తెలియడానికి కూడా మళ్లీ అంత కాలమూ పడుతుంది.